కుడి అసలు, ఎడమ బూటకం

"బూటకం" అనే మాటలో బూటు దాక్కుని ఉందని గమనించడానికి నాకు బూట్ల దుకాణంలో సగం కొలువు పట్టింది. మిగతా సగం ఆ సంగతి కొత్తగా చేరిన సేల్స్‌మన్లకు చెప్పి నవ్వించడంలో గడిచింది. వాళ్లు బాగానే నవ్వేవారు. నేను సీనియర్‌ని కాబట్టి నవ్వేవారని రిటైరయ్యాక తెలిసింది. ఇప్పుడు అదే మాట ఇంట్లో చెబితే పిల్లి కూడా లేచి వెళ్లిపోతోంది.

మా వీధి పిల్లలు ఫోన్లో బూటు బొమ్మ చూపించి, ఇది ఒరిజినలా డూప్లికేటా చెప్పమని అడుగుతుంటారు. మామిడిపండును ఫొటోలో చూసి తీపో పులుపో చెప్పమన్నట్టుంటుంది నాకు. బూటును పరీక్షించడం కళ్ల పని కాదు. ముక్కు పని, బొటనవేలి పని. నల్గొండలో ఏళ్ల తరబడి ఆ రెండింటి పుణ్యాన అన్నం తిన్నాను. వాటిని నమ్ముకుని ఒకసారి ఎంత దర్జాగా బోల్తా పడ్డానో, పడి ఎట్లా లేచానో చెబుతాను. కొనేముందు మీకు పనికొస్తుంది.

మా దుకాణం గడియారం చౌరస్తాకు దగ్గర్లో ఉండేది. యజమానిని ఊరంతా సేటు అనేది. వాళ్ల తాతలు చేత్తో తోలు జోళ్లు కుట్టినవాళ్లు. ఆయన తరానికి వచ్చేసరికి కుట్టడం పోయి అమ్మడం మిగిలింది. పనిచేసేది ఇద్దరం. నాకంటే ముందునుంచీ ఉన్న సేల్స్‌మన్‌ను నేను పెద్దన్న అనేవాణ్ని. మనిషి ముఖం చూడకుండా కాళ్లను బట్టి ఊరు చెప్పగలనని ఆయన నమ్మకం. పగుళ్లలో ఎర్రమట్టి ఉంటే దేవరకొండ వైపు, చీలమండ దాకా బురద గీత ఉంటే హాలియా కాల్వ కింద అనేవాడు. చెప్పింది తప్పితే, ఆ మనిషి ఈ మధ్యే ఊరు మారి ఉంటాడనేవాడు.

ఎనభైల్లో మా పని సులువు. ఆఫీసరుకు నల్ల తోలు బూటు, బడిపిల్లవాడికి తెల్ల కాన్వాసు, మిగతా జిల్లాకంతటికీ హవాయి చెప్పులు. పేరుకు చెప్పులే గాని వాటి గురించి చెప్పాల్సిందేమీ ఉండేది కాదు. తొంభైల్లో టీవీ నిండా విదేశీ కంపెనీల ఆటబూట్లు పరుగెత్తడం మొదలయ్యాక మాకు మాటలు అవసరమయ్యాయి. వాటిలో ఒక కంపెనీ గుర్తు గెంతుతున్న దుప్పి. అసలు పేరు పలకడానికి నోరు తిరగక అందరం దుప్పి బూట్లనేవాళ్లం. ఒక జత ధరకు మంచి పాడిమేక వచ్చేది. అంత ధర ఉన్న వస్తువు వెనకాల దాని దొంగ కవల రాకుండా ఉంటుందా? వచ్చింది. అచ్చం అదే రంగు, అదే డబ్బా, అదే పేరు. ఒక్కోసారి పేరులో ఒక అక్షరం ఎక్కువే వచ్చేది, ఉదారంగా.

దాంతో నాకు పేరొచ్చింది. హైదరాబాదులో బూట్లు కొనుక్కొచ్చిన లెక్చరర్లు, కాంట్రాక్టర్ల కొడుకులు, అవి మాదగ్గర కొనకపోయినా సిగ్గులేకుండా నాదగ్గరికే పరీక్షకు తెచ్చేవారు. బూట్ల డాక్టర్ అనేవారు. నేనూ డాక్టరులాగే కళ్లద్దాలు సవరించుకుని, బూటు లోపల ముక్కు పెట్టేవాణ్ని. నకిలీదాంట్లో జిగురు వాసన పంక్చర్ దుకాణంలో కూర్చున్నట్టు గుప్పుమంటుంది. మడమ దగ్గర బొటనవేలితో నొక్కితే అసలుది లొంగుతుంది, వదలగానే లేస్తుంది. నకిలీదానికి పడిన సొట్ట అట్లాగే ఉంటుంది. అడుగును వంచితే కాలివేళ్లు వంగేచోటే వంగాలి. నడుం విరిగినట్టు మధ్యలో వంగిందంటే దాన్ని డబ్బాలో పెట్టి దండం పెట్టండి. కుట్టు ఒకే దూరంలో నడవాలి. నాలుక వెనక చీటీ మీది అంకెలు డబ్బా మీదివాటితో కలవాలి. చివరగా దుప్పి కొమ్ములు. అసలు దుప్పికి కొమ్ములు చీలి ఉంటాయి. దొంగ దుప్పికి దారం ఆదా చేసి పుల్లల్లాగా నిలువునా కుట్టేస్తారు. కాలేజీ చదువు చదివి చివరికి బొటనవేలితో బతికాను కాబట్టి, మా జిల్లాలో డిగ్రీ ఉన్న వేలిముద్రగాణ్ని నేనే అయి ఉంటాను.

ఇక్కడ మా దుకాణం ఆచారం ఒకటి చెప్పాలి. సేటు దగ్గర చేరిన మొదటి రోజే నేర్చుకునే పాఠం: గిరాకీకి ముందు కుడి బూటే అందివ్వాలి. ఆయనకు అది చిన్ననాటి నుంచి నేర్పిన మతం మర్యాద. తొడిగేటప్పుడు కుడి ముందు, విడిచేటప్పుడు ఎడమ ముందు. మా ఇళ్లల్లోనూ కొత్త గడప తొక్కాలన్నా, కొత్త జోడు తొడగాలన్నా కుడికాలే. కాబట్టి ఎవరికీ పేచీ లేదు. ఏళ్లు గడిచేకొద్దీ అది మా చేతులకు ఎంత అలవాటైందంటే, డబ్బా మూత తీస్తే చెయ్యి దానంతటదే కుడిదాని మీద పడేది. కొత్త సరుకు పరీక్ష చేసినా కుడిదానికే చేసేవాళ్లం. గిరాకీ కూడా కుడిది తొడిగి, అద్దం ముందు నాలుగడుగులు వేసి, మనసు పడేవాడు. ఎడమది ఆ తర్వాత కాలికి ఎక్కేది, తోడుపెళ్లికొడుకులాగా. దాన్ని ఎవరు చూస్తారు?

ఆ ఏడు ఒక టోకు వ్యాపారి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెత్తటి మాట, అత్తరు వాసన. అటు బెంగుళూరు రోడ్డు మీది ఊళ్లకూ ఇటు మా వైపు పట్టణాలకూ దుప్పి బూట్లు తానే వేస్తానన్నాడు. సేటు నావైపు చూశాడు. నేను డబ్బా తర్వాత డబ్బా తెరిచి ముక్కు, వేలు, వంపు, కుట్టు, కొమ్ములు, అన్ని పరీక్షలూ చేశాను. ఒక్కటీ తప్పలేదు. ఖరా మాల్, అసలు సరుకేనని తేల్చాను. ఆ వ్యాపారి నా చెయ్యి పట్టుకుని, ఇంత శ్రద్ధగా సరుకు చూసేవాణ్ని ఏ ఊళ్లోనూ చూడలేదన్నాడు. ఆ మాట నాకు చాలారోజులు నోట్లో బెల్లంముక్కలాగా కరిగింది. పాపం, ఆయన అబద్ధమాడలేదు. ఇంత శ్రద్ధగా కుడి బూట్లు మాత్రమే చూసేవాణ్ని నిజంగానే ఎక్కడా చూసి ఉండడు.

ఆ సరుకులో ఒక జత తిరుమలగిరి వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి కొన్నది. గొర్రెలు కాసే ఇల్లు. వెంట వాళ్ల బాపు వచ్చాడు, భుజాన గొంగడితో. ఆ అమ్మాయి మహిళా కానిస్టేబుల్ పరీక్షకు కట్టింది. అంతకుముందు ఒకసారి కాన్వాసు బూట్లతో పరుగెత్తితే సగం దూరంలో అడుగు ఊడి, కాలిగోరు లేచిపోయి, కొద్దిలో తప్పిందట. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇక కట్టడానికి ఉండదు. అందుకే మంచి బూట్లు కావాలన్నది. ఆ జత కోసం ఇంట్లో ఏం తగ్గించుకున్నారో నేను అడగలేదు. కుడిది తొడిగించాను, బాగుందన్నది. ఎడమది తొడిగించాను, కొంచెం బిగువుగా ఉందన్నది. వాడితే సాగుతుందన్నాను. బూట్ల వ్యాపారం మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నడుస్తుంది.

నెల తిరిగిందో లేదో, ఒక శుక్రవారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు మళ్లీ వచ్చారు. సేటు నమాజుకు వెళ్లాడు. అమ్మాయి సంచిలోంచి బూట్లు తీసి బల్ల మీద పెట్టింది. కుడిది దుమ్ము కొట్టుకుని ఉన్నా దిట్టంగా కూర్చుంది. ఎడమదాని అడుగు ముందువైపు పూర్తిగా విడిపోయి, నోరు తెరిచి మమ్మల్నే అడుగుతున్నట్టుంది. రోజూ పొద్దున కాల్వగట్టు మీద పరుగెత్తి సాధన చేస్తోందట. సోమవారం నల్గొండ పోలీసు మైదానంలో పరుగు.

నేను అలవాటు ప్రకారం కుడిది అందుకున్నాను. వాసన, వేలు, వంపు. నిఖార్సైన సరుకు. తర్వాత ఎడమది తీసుకున్నాను. వేలు పెట్టకముందే ముక్కు చెప్పింది, అది మా జాతి కాదని. ఇక నాకు మిగిలిన ఆలోచన ఒక్కటే: జత మారింది. ఊళ్లో ఎవరిదో నకిలీ జోడుతో ఈ పిల్ల ఎడమ బూటు తారుమారైంది. పెళ్లిళ్లలో, మసీదుల ముందు, గుళ్ల ముందు బూట్లు మారడం మాకు కొత్త కాదు. కావాలనే మార్చి తెచ్చి గొడవపడేవాళ్లూ ఉంటారు.

పెద్దన్న అంతదాకా ఆగలేదు.

"సగం బూటు మాది, సగం బూటు ఎవరిదో. ఎవలింట్ల మారిందో అక్కడ అడుక్కోండ్రి."

"బూటేమన్న బస్సుల సీటా అన్నా," అన్నది ఆ అమ్మాయి, "లేవంగనే ఇంకొకలొచ్చి కూసునేటందుకు?"

దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు గిరాకీలు నవ్వారు. నేను పెద్దన్నకంటే మర్యాదగా అదే మాట చెప్పాను: నేను పరీక్షించిన సరుకులో తప్పు ఉండదు, మధ్యలో ఏదో జరిగి ఉంటుంది, జర ఇంటికెళ్లి చూసుకోండని. మర్యాదగా అన్నప్పుడు అదే మాట ఇంకొంచెం లోతుగా దిగుతుంది. అప్పటిదాకా గడప దగ్గరే నిలబడ్డ తండ్రి లోపలికి వచ్చాడు.

"మందల ఒక్క గొర్రె మారినా నేను గుర్తువడ్త సారూ. నా బిడ్డ కాలుది మారితే దానికి తెల్వదా?"

ఆయన గొంతు పెంచలేదు. అమ్మాయి మాత్రం బల్ల మీద చెయ్యి ఆనించి, "కొత్త డబ్బ తెరువుండ్రి సారూ. ఎడమది తియ్యుండ్రి," అన్నది.

సంతోషంగా తెరిచాను. అందరి ముందూ రుజువవుతుందని పైఅరలోంచి ఏరి మరీ తెచ్చాను. చెయ్యి అప్పుడు కూడా కుడిదాని మీదికే పోయింది. బలవంతాన పక్కకు తిప్పి ఎడమది పట్టుకున్నాను. పట్టుకోగానే అరచేతికి తెలిసింది. రెండో చేత్తో కుడిదాన్ని లేపి తూచినట్టు పట్టుకుంటే, ఒకటి కూరగాయ, ఒకటి రాయి. ముక్కు దగ్గరికి తెస్తే పంక్చర్ దుకాణం. ఇంకో డబ్బా తెరిచాను. మరొకటి. అన్ని డబ్బాల్లోనూ కుడికాలు విదేశీ, ఎడమకాలు స్వదేశీ.

తండ్రి ఒక ఎడమ బూటు అందుకుని దుప్పి బొమ్మను కాసేపు చూశాడు.

"గిది దుప్పి కాదు సారూ," అన్నాడు. "మా మేక."

నల్గొండ బూట్ల డాక్టరుకు ఆ రోజు ఆపరేషన్ జరిగింది, మత్తుమందు లేకుండా.

సేటు మసీదు నుంచి వచ్చి అంతా విన్నాడు. ఒక డబ్బాలోని రెండు బూట్లూ ఒళ్లో పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి మడమ నొక్కి చూశాడు. అప్పుడు ఆయనకు కోపం నామీద వచ్చిందో, వ్యాపారి మీద వచ్చిందో నాకు తెలియదు. చివరికి అమ్మాయితో, ఇచ్చిన సొమ్మంతా వాపసు తీసుకొమ్మన్నాడు.

"పైసలు వద్దు సేటూ," అన్నది ఆమె. "నాకు ఎడమ కాలు కావాలె."

వేరే కంపెనీ కొత్త జత ఇస్తామన్నాం. ఆమె తల అడ్డంగా ఊపింది. కొత్త జోడు కరుస్తుంది. మూడురోజుల్లో దాన్ని మచ్చిక చేసుకోలేదు. కాన్వాసుతో ఏమవుతుందో ఆమె కాలిగోరుకే తెలుసు. కుడి బూటు నెల రోజులుగా ఆమె అడుగుకు అలవాటైంది. కుడిదాంతో సమానంగా కదిలే ఎడమది ఉంటే చాలు, పరుగు తన పని అన్నది. అంత సూటిగా ఉంది ఆ పిల్ల లెక్క. మాదే తిక్క లెక్క.

వ్యాపారి ఇచ్చిన నంబరుకు సేటు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తేవాడు లేడు. నేను బల్ల వెనక కూర్చుని ఆలోచించాను. నా ముక్కు ఓడిపోయింది గాని బుర్ర ఇంకా పని చేస్తోంది. ఏ కంపెనీ కూడా ఒంటి బూటు తయారుచెయ్యదు. ఇక్కడ అసలు కుడి ఉందంటే, అసలు ఎడమ ఎక్కడో ఉన్నట్టే. ఒక మంచి జతను విడదీసి, ఒక్కోదానికి ఒక నకిలీ తోడు కట్టి, రెండు జతలుగా అమ్మాడన్నమాట. కుడి బూట్లు మాకిచ్చాడు, మేం కుడిదాన్నే చూస్తామని కనిపెట్టి. మరి ఎడమవి ఎవరికిచ్చాడు? జనం ఎడమదాన్ని మాత్రమే చూసి కొనే ఊరు ఏది?

జవాబు పెద్దన్న నోట వచ్చింది, జవాబని ఆయనకు తెలియకుండానే. టీ తాగేటప్పుడు ఆ వ్యాపారి గొప్పలు పోయాడట. ఆ మాట గుర్తు తెచ్చుకుని పళ్లు కొరుకుతున్నాడు.

"కొత్తకోటల నా సరుకు యాలాడంగనే అమ్ముడువోతది అన్నడు గాడు. ఉరి ఏసేదుంటె గాన్ని నేనే యాలాడదీస్తుంటి."

వేలాడంగనే. ఆ మాట పట్టుకుని లేచి నిలబడ్డాను. కొత్తకోట హైవే ఊరు. బస్సులు టీకి ఆగుతాయి. అక్కడ దుకాణాల్లో కూర్చుని బూటు తొడిగి చూసే తీరిక ఎవరికీ ఉండదు. బయట తాడుకు వేలాడే బూటును చూస్తారు, నంబరు చెబుతారు, డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కుతారు. దుకాణాల ముందు వేలాడదీసేది ఎప్పుడూ ఒంటి బూటే, జత ఉంటే దొంగ ఎత్తుకుపోతాడని. ఆ ఒంటి బూటు ఎడమదే. కుడిది లోపల గిరాకీకి ఇవ్వడానికి ఉంచుకుంటారు. ఆ వ్యాపారి బూట్లు అమ్మలేదు నాయనా, మా నడకలు చదివాడు.

సేటు నా మాట విని, "జావ్ బేటా. ఎడమది లేకుండ రాకు," అన్నాడు. నా మీద ఆయనకు నమ్మకం మిగిలిందని ఆ ఒక్క మాటతో అర్థమైంది.

శనివారం పొద్దున్నే మిగిలిన జతలన్నీ గోనెసంచిలో కట్టుకుని దేవరకొండ బస్సెక్కాను. అక్కడ మారి, కల్వకుర్తిలో మారి, జడ్చర్లలో మారి, సంచిని నెత్తిన, ఒళ్లో, కాళ్ల మధ్య పెట్టుకుంటూ ప్రయాణం. ఒక కండక్టరు సంచి తడిమి, ఇన్ని బూట్లు ఎవరిని కొట్టడానికని అడిగాడు. ఇంకా దొరకలేదన్నాను.

కొత్తకోటలో దిగగానే కనబడింది. ధాబా పక్కన రేకుల దుకాణం, ముందు తాడుకు వరసగా బూట్లు. దగ్గరికి పోయి ఒక్కోదాన్నీ చూశాను. అన్నీ ఎడమవే. ఒకదాన్ని పట్టుకుని ముక్కు పెట్టాను. ఎండ వాసన, దుమ్ము వాసన, డీజిల్ వాసన. వాటి కింద, బాగా కింద, అసలు దుప్పి. ప్రాణం లేచొచ్చింది.

స్టూలు మీద కూర్చున్న దుకాణదారు బొద్దుమనిషి. మెడలో తువ్వాలు. కుడి బూటు చూపించమన్నాను.

"కుడిదెందుకే? ఎడమ లెక్కనే ఉంటది."

"నీదాంట్లె ఉండదన్నా. అదే చూద్దామని వచ్చిన."

నేను సంచి విప్పాను. నా కుడి బూటొకటీ, ఆయన తాడు మీది ఎడమ బూటొకటీ పక్కపక్కన పెట్టి, లోపలి కుడిదాన్ని ఆయన చేతికే ఇచ్చి తూచమన్నాను. ఆయన తూచాడు. మడమ నొక్కాడు. నేను చెప్పకముందే ముక్కు పెట్టాడు. ముఖం ఎర్రబడింది. మొదట నన్నే ఆ వ్యాపారి మనిషినని చొక్కా పట్టుకోబోయాడు. మోసం చేసినవాడు రుజువులు నెత్తిన మోసుకుని రాడని నచ్చజెప్పడానికి కొంతసేపు పట్టింది. నమ్మాక మాత్రం కసిగా పనిలోకి దిగాడు. ఇద్దరం దుకాణం నేల మీద చాప పరిచి పెళ్లిసంబంధాలు కలిపినట్టు కూర్చున్నాం. నా కుడి, ఆయన ఎడమ. నాలుక వెనక అంకెలు కలిస్తే ఒక నిజమైన జోడు. మిగిలిన రెండూ కలిపితే నిండు అబద్ధం. రెండు సగం అబద్ధాల్లోంచి ఒక పూర్తి నిజం తీయవచ్చని లెక్కల మాస్టారు నాకు ఎప్పుడూ చెప్పలేదు.

వచ్చిన అసలు జతలు చెరిసగం అనుకున్నాం. కాని నాకు కావాల్సింది దొరకలేదు. ఆయన గిరాకీలు ఎక్కువగా బస్సు దిగే మగవాళ్లు, లారీ డ్రైవర్లు, పెద్దపెద్ద పాదాలు. ఆడపిల్ల కాలికి సరిపోయే ఆరో నంబరు డబ్బాల్లో లేదు. తల ఎత్తితే కనబడింది. తాడు మీద అందరికంటే ముందు, రోడ్డు వైపు తిరిగి వేలాడుతోంది. ఎండకు నీలం రంగు పోయి బూడిద రంగుకు వచ్చింది. చీటీ మీద ఆరు.

అడిగాను. ఆయన ఇవ్వనన్నాడు.

"అది నా బోణి బూటు. గీ సరుకు వచ్చినకాడినుంచి పొద్దుగాల మొదలు గదే కడ్త. దాన్ని జూసే బస్సుల మంది దిగుతరు."

ఇంకొకటి కడదామన్నాను. రెండు జతలిస్తానన్నాను. వ్యాపారి మీద ఇద్దరం కలిసి కొట్లాడదామన్నాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ రోడ్డు వైపు చూడసాగాడు. ఇక దాచేది లేక, ఆ పిల్ల సంగతి మొత్తం చెప్పాను. గొర్రెల ఇల్లు, ఊడిన గోరు, దాటిపోయే వయసు, సోమవారం పరుగు. నామీద ఆమెకు లేని నమ్మకం సంగతి కూడా చెప్పాను. ఆయన అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"పోలీసు అయితదా?"

"ఎడమది దొరికితే అయితది."

"గట్లయితే ఆ పిల్లకు ఒక్క మాట చెప్పు. రేపు గీ రోడ్డు మీద డ్యూటీ పడ్తే, నా దుకాణం ముంగట లారీలు ఆపద్దని చెప్పు. ఇంకింత అవతల ఆపుమను."

కర్ర అందుకుని తనే దించాడు. దించి, దుమ్ము ఊది, తువ్వాలుతో తుడిచి మరీ ఇచ్చాడు. తన వంతు నకిలీలను తనదగ్గరే ఉంచుకున్నాడు. ఆ వ్యాపారి వస్తే వాడి సరుకు వాడికే దండ గుచ్చి మెడలో వేస్తానన్నాడు. వాడు ఆ రోడ్డున మళ్లీ కనిపించలేదని తర్వాత విన్నాను. మా వంతు నకిలీలను సేటు తోలు కోసే కత్తితో అడ్డంగా చీల్చేశాడు. తక్కువకు అమ్ముకోవచ్చుగదా అని పెద్దన్న అంటే, నకిలీ అని చెప్పి అమ్మినా కొన్నవాడు అసలనే చెప్పుకుంటాడు, ఆఖరికి తిట్టు మన దుకాణానికే అన్నాడు.

ఆదివారం తండ్రీకూతుళ్లు దుకాణానికి వచ్చారు. నల్గొండలోనే చుట్టాలింట్లో దిగి ఉన్నారు. అమ్మాయి బూట్లు తొడిగి లేచి నిలబడింది. కుడిది ముదురు నీలం, ఎడమది బూడిద. వాడినదీ ఎండినదీ. పెద్దన్న నిట్టూర్చాడు. అసలు జోడే దొంగ జోడులాగా కనిపిస్తోంది, మొన్నటి దొంగ జోడే నయం, చూడముచ్చటగా ఉండేదన్నాడు. రంగు వేస్తానన్నాడు. మైదానంలో చూసేవాళ్లు వెక్కిరిస్తారేమోనని నాకూ అనిపించింది.

"మందల రెండు రంగుల జీవాలు ఉండయా?" అన్నాడు తండ్రి. "నడిస్తె సాలు."

అమ్మాయి వీధిలోకి వెళ్లి గడియారం దాకా పరుగెత్తి వచ్చింది. తాళ్లు విప్పి మళ్లీ బిగించుకుంది. నేను నాలుగేళ్ల పిల్లాడిలాగా, ఎట్లుంది అని అడిగాను.

"ఎడమది గిప్పుడు నాతోనే వస్తున్నది సారూ," అన్నది. "మొన్నటిదాంక ఎనక ఎనక వచ్చేది."

సోమవారం సేటు నాకు సెలవు ఇచ్చాడు, నేను అడగకముందే. మైదానంలోకి అభ్యర్థుల్ని తప్ప ఎవరినీ వదలలేదు. గోడ బయట, రోడ్డు పక్కన, ఆమె తండ్రీ నేనూ నిలబడ్డాం. గోడ మా తలలకంటే ఎత్తు. లోపల విజిల్ మోగడం, ఒక్కుమ్మడిగా అడుగుల చప్పుడు, గోడ పైన లేచే ఎర్రటి దుమ్ము, అంతే మాకు తెలిసేది. ఏ విజిల్ మా పిల్లదో తెలియక ప్రతి విజిల్‌కూ మునివేళ్ల మీద లేచాను. జీవితమంతా కాళ్లను చూసి బతికినవాణ్ని, చూడాల్సిన రోజు గోడ అడ్డం. పెద్దాయన మాత్రం కర్ర మీద గడ్డం ఆనించి, దుమ్ము వైపే చూస్తూ, మంద గుట్ట దిగినట్టే ఉందన్నాడు.

ఎండ నెత్తికెక్కాక గేటు తెరుచుకుంది. ఆడపిల్లలు గుంపులుగా బయటికి వచ్చారు. కొందరు ఏడుస్తున్నారు. ఆమె ఏడవడం లేదు, నవ్వడమూ లేదు. మోకాళ్లదాకా దుమ్ము. నేరుగా వచ్చి మా ముందు నిలబడింది.

"ఏమన్నరు బిడ్డా?" అన్నాడు తండ్రి.

"గడియారం పట్టుకున్న సారు నా కాళ్లు చూసిండు బాపూ. రెండు రంగులేంది, ఏ కంపెనీవమ్మా గివి అన్నడు."

"నువ్వేమన్నవు?"

"కుడిది నల్లగొండ సార్, ఎడమది కొత్తకోట అన్న."

"మరి సారేమన్నడు?"

"నవ్విండు," అన్నది, అప్పుడు తను కూడా నవ్వుతూ. "నవ్వుకుంటనే పక్కోనికి చెప్పిండు, ఈ పిల్లను రాసుకో, పాసయింది అని."